విల్లు, తుపాకీ, కరెంటు తీగ: మన వేట చరిత్రలో మనవాళ్ళ ప్రాణాలు

ఇటుకల పండగ దగ్గర పడుతోంది. ఈ టైములో ప్రతి ఏడాదీ మన ఏజెన్సీలో ఏదో ఒక ఊరి నుంచి చెడు కబురు వస్తుంది. అందుకే హాస్టల్లో కూర్చుని ఇది రాస్తున్నాను. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా తాతకి ఎడమ చేతికి రెండు వేళ్ళు లేవు. చిన్నప్పుడు ఎలుగుబంటి కొరికిందేమో అనుకునేవాణ్ణి. అసలు సంగతి ఇంటర్ సెలవుల్లో ఆయనే చెప్పాడు. వయసులో ఉండగా నాటు తుపాకీ గొట్టం పేలిందట. "విల్లు పట్టినన్నాళ్ళూ అడవి నాకేం చెయ్యలేదురా, నా చేతిలో ఉన్నదే నన్ను కొట్టింది" అన్నాడు. ఆ మాట మీద ఆలోచిస్తుంటే మన వేట చరిత్ర మూడు కాలాలుగా కనబడింది.

మొదటిది విల్లు కాలం. చైత్రమాసంలో ఊళ్ళో మగవాళ్ళంతా కలిసి వేటకి వెళ్ళడం, ఖాళీ చేతులతో వస్తే ఆడవాళ్ళు పేడ కొట్టి ఎగతాళి చెయ్యడం మనకి తెలిసిందే. 1907లో డబ్ల్యూ. ఫ్రాన్సిస్ రాసిన విశాఖపట్నం జిల్లా గెజిటీర్‌లో కూడా ఈ సంగతి ఉంది. ఆయన దాన్ని వింత ఆచారంలా రాశాడు. ఆ వేటకున్న కట్టుబాట్లు మాత్రం మన పెద్దల నోట్లోనే ఉన్నాయి. తాత చెప్పినవి ఇవి. బయల్దేరేటప్పుడు మనుషుల్ని లెక్కపెట్టాలి, తిరిగొచ్చాక మళ్ళీ లెక్కపెట్టాలి. సగం మంది అరుస్తూ జంతువుని తోలాలి, సగం మంది కాపు కాయాలి. కాపు కాసేవాడు పెద్ద పిలిచేదాకా చోటు కదలకూడదు. తోలేవాడు నోరు మూయకూడదు, ఎందుకంటే ఆ అరుపు వింటేనే ఎదుటివాడికి అక్కడ మనిషి ఉన్నాడని తెలుస్తుంది. పొద కదిలితే బాణం వెయ్యకూడదు, జంతువు ఒళ్ళు కనబడితేనే వెయ్యాలి. చీకటి పడితే వేట ఆపెయ్యాలి. బాణం దూరం పోదు కాబట్టి ఎలాగూ దగ్గరికెళ్ళి చూసే వెయ్యాలి. అంటే విల్లే మనిషికి జాగ్రత్త నేర్పింది.

రెండోది తుపాకీ కాలం. 1878 ఆయుధాల చట్టంతో తుపాకీకి లైసెన్సు తప్పనిసరి అయింది. 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవి కూడా రిజర్వు పేరుతో చేతులు మారింది. తుపాకీ ఎవరి చేతిలో ఉంటే వాడిదే రాజ్యమని మనవాళ్ళకి తెలుసు. 1922 ఆగస్టు 22న అల్లూరి దళం చింతపల్లి స్టేషన్ మీదకి, తర్వాత కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీదకి వెళ్ళింది ఆ తుపాకుల కోసమే కదా. కానీ వేటకి వాడిన నాటు తుపాకీ వేరు. దొంగచాటుగా చేసిన గొట్టం ఎంత మందుకి ఆగుతుందో చేసినవాడికే తెలీదు. మందు కూరి భుజాన వేసుకుని నడుస్తుంటే తీగ తట్టుకున్నా పేలుతుంది. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఏంటంటే, పొద కదిలితే చాలు కాల్చొచ్చు. ఆ పొద వెనక ఉన్నది పందో, మనిషో చూడక్కర్లేదు. పెద్దలు పెట్టిన కట్టుబాటు అక్కడే తెగిపోయింది.

మూడోది ఇప్పటి కాలం. కరెంటు లైను నుంచి తీగ లాగి జంతువుల దారిలో కడుతున్నారు. ఇందులో వేటగాడు అసలు అక్కడ ఉండడు. పందికోసం కట్టిన తీగకి మనిషి, ఆవు, కుక్క అన్నీ ఒకటే. నా హాస్టల్ తమ్ముడొకడి నాన్న తెల్లవారుజామున జీలుగు కల్లుకి వెళ్తూ అలాగే చనిపోయాడు. తీగ కట్టింది సొంత ఊరివాళ్ళే. కేసవుతుందని భయపడి, పాము కరిచిందని బయట చెప్పారు. ఆ పిల్లాడికి నిజం తెలుసు, కానీ ఎవరికీ చెప్పుకోలేడు. ఊరి పేరు నేను రాయను. ఆ తీగ కట్టినవాళ్ళు ఇది చదివితే మాత్రం బాగుండు.

చట్టం సంగతి కూడా చెప్పాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద మనకి హక్కు ఇచ్చింది కానీ, వేట హక్కుని స్పష్టంగా మినహాయించింది. మన తాతల పండగ నేరమా అని కోపం రావచ్చు, నాకూ వచ్చింది. ఆ చర్చ మనం చెయ్యాల్సిందే. కానీ కరెంటు తీగ మన ఆచారం కాదు. దాన్ని ఆచారం పేరుతో సమర్థించొద్దు.

పేడ నీళ్ళ సంగతి ఇంకోసారి ఆలోచించండి. విల్లు కాలంలో అది నవ్వులాట. ఖాళీగా వచ్చినా స్నానం చేసి పండగ చేసుకునేవాళ్ళు. ఇప్పుడు ఖాళీగా రాకూడదన్న పంతంతో కొందరు తుపాకీ పడుతున్నారు, తీగ కడుతున్నారు. కాబట్టి అక్కలకి, చెల్లెళ్ళకి నా మాట ఒకటి: ఈసారి పేడ కొట్టండి, నవ్వండి, కానీ ఖాళీ చేతులతో వచ్చినా అందరూ వచ్చారా అని ముందు లెక్కపెట్టండి.

వేట మానేసినా అడవికి వెళ్ళడం మానలేం. ఇప్పపువ్వు, తేనె, అడ్డాకులు ఉండనే ఉన్నాయి. ఇప్పపువ్వు రాలే రోజుల్లో ఎలుగుబంట్లు కూడా ఆ చెట్ల కిందకే వస్తాయి. చీకట్లో ఒక్కరే వెళ్ళొద్దు, మాట్లాడుకుంటూ వెళ్ళండి. ఎవరైనా తీగకి తగిలితే మీరు ముట్టుకోవద్దు. ముందు లైన్‌మన్‌కి గానీ 1912కి గానీ చెప్పి కరెంటు ఆపించండి, 108కి ఫోన్ చెయ్యండి.

మీ ఊళ్ళో పెద్దలకి తెలిసిన వేట కట్టుబాట్లుంటే అడిగి కింద రాయండి. తాతలు ఉండగానే రాసి పెట్టుకుందాం.

జై ఆదివాసీ.