సోమవారం సెలవు ఎవరిచ్చింది?

అమెరికాలో ఉన్న కొడుకో కూతురో "ఇది లాంగ్ వీకెండ్, ఫోన్ చేయడం కుదరకపోవచ్చు" అనడం మీలో చాలామంది వినే ఉంటారు. రెండు రోజులాగి వాట్సాప్‌లో ఫొటోలు వస్తాయి. చెట్ల కింద పొడవాటి బల్లలు, పొగలు రేగే గ్రిల్, బ్యాట్ కోసం పోట్లాడుకునే పిల్లలు, నలుగురైదుగురు వంగి మూతలు తీస్తున్న అల్యూమినియం ట్రేలు. చూసి సంతోషపడతారు. ఆ సోమవారం సెలవు వెనక నూట నలభై ఏళ్ల కథ ఉంది. అందులో సగం నేను కాపురముంటున్న చికాగోలోనే నడిచింది. మన మేడే పుట్టుక కూడా అందులోనే ఉంది కాబట్టి ఆ కథ మీకు చెప్పాలి.

ముందు ఇక్కడి మామూలు వారం సంగతి. పొద్దున్నే పిల్లల్ని స్కూల్ బస్సెక్కించి, కార్లోనో మెట్రా రైల్లోనో ఆఫీసుకి పరుగు. సాయంత్రం వంట, గిన్నెలు, హోంవర్కులు, పిల్లల ఈత క్లాసులు, ఆ తర్వాత ఇండియాకి ఫోను. ఇంటిపనికి మరో మనిషి ఉండరు. శనివారం బట్టలుతుక్కోవడానికి, గడ్డి కోయడానికి, వారానికి సరిపడా కిరాణా తెచ్చుకోవడానికి పోతుంది. ఆదివారం అరోరా బాలాజీ గుడికో, లెమాంట్‌లో రాములవారి గుడికో వెళ్లి, పిల్లల తెలుగు బడి చూసుకుని వచ్చేసరికి చీకటి పడుతుంది. అంటే రెండు రోజుల సెలవు ఇంటికే చాలదు. స్నేహితులకీ చుట్టాలకీ మిగిలేది ఎప్పుడైనా వచ్చే ఆ మూడో రోజే. తెలుగు సంఘాల మహాసభలు, పెళ్లిళ్లు, సీమంతాలు, గృహప్రవేశాలు ఎక్కువగా లాంగ్ వీకెండ్లలోనే పెట్టుకోవడానికి కారణం అదే. టెక్సాస్‌లో ఉన్న బావమరిది, న్యూజెర్సీలో ఉన్న పిన్ని కూతురు ఒకచోట కలవాలంటే మూడు రోజులు కావాలి.

ఇలాంటి సోమవారాలు రెండు ఇక్కడి వేసవికి రెండు చివర్లు. మే ఆఖరి సోమవారం మెమోరియల్ డే. ఆ వారాంతంలో ఊరి ఈతకొలనులు తెరుస్తారు. సెప్టెంబర్ మొదటి సోమవారం లేబర్ డే. దాంతో మూసేస్తారు. మొదటిది నిజానికి బరువైన రోజు. అమెరికా అంతర్యుద్ధంలో చనిపోయిన సైనికుల సమాధుల మీద పూలు పెట్టే ఆచారం నుంచి వచ్చింది. 1865 మే 1న, దక్షిణ కరోలినాలోని చార్ల్‌స్టన్‌లో, అప్పుడే బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతివాళ్లు వేలమంది, చెరలో చనిపోయిన సైనికుల సమాధుల దగ్గరికి పూలతో ఊరేగింపుగా వెళ్లారు. 1868లో, మా ఇల్లినాయ్ రాష్ట్రం వాడే అయిన జనరల్ జాన్ లోగన్ దేశమంతటా మే 30న ఇలా చేయాలని పిలుపునిచ్చాడు. ఇప్పటికీ ఆ పొద్దున చిన్నచిన్న ఊళ్లలో పెరేడ్ జరుగుతుంది, మధ్యాహ్నం గ్రిల్లులు వెలుగుతాయి.

నేను మీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది రెండో సోమవారం గురించి.

లేబర్ డేకి మా బృందం బస్సీ వుడ్స్ అనే అడవిలో కలుస్తుంది. చికాగో ఉండే కుక్ కౌంటీ ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే ప్రజల కోసం అడవిని కొని కాపాడటం మొదలుపెట్టింది. ఇప్పుడది దాదాపు 70 వేల ఎకరాలు. పెద్ద గుంపుగా వెళ్లాలంటే ముందే పర్మిట్ తీసుకోవాలి. ముందు రోజు రాత్రే చికెన్‌కి అల్లం వెల్లుల్లి, పెరుగు, కారం పట్టించి పెడతాం. ఒక ఇంటి నుంచి పులిహోర, ఒక ఇంటి నుంచి బగారన్నం, ఇంకో ఇంటి నుంచి దద్దోజనం. మక్కజొన్న కంకులు బొగ్గుల మీద కాల్చి, ఉప్పూ కారం అద్దిన నిమ్మచెక్కతో రుద్దుతాం. టెన్నిస్ బంతితో క్రికెట్ మొదలైతే అరవై దాటిన పెద్దాయన అంపైర్. వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు నీడన కుర్చీలు వేసుకుని, అప్పటిదాకా తెలియని వాళ్లతో గంటలో వియ్యంకులంత దగ్గరైపోతారు. పక్క బల్ల దగ్గర మెక్సికన్ కుటుంబం, అవతల పోలిష్ కుటుంబం. వాళ్ల పాటలు మాకు, మా మసాలా వాసన వాళ్లకు. చాలామందికి ఇదంతా పనిచేసేవాళ్ల రోజు అన్న సంగతి గుర్తుకు రాదు. తిండి, ఆటలు చూసి, అసలు అర్థం పోయిందని బాధపడేవాళ్లూ ఉన్నారు. నాకు అలా అనిపించదు. ఎందుకో చెబుతాను.

1882 సెప్టెంబర్ 5, మంగళవారం. న్యూయార్క్‌లో కార్మిక సంఘాలు మొదటిసారి ఈ పండగ చేశాయి. సుమారు పదివేల మంది ఆ రోజు కూలి వదులుకుని వీధుల్లో నడిచారు. నడక అయ్యాక అందరూ వెళ్లింది ఒక పార్కుకి, పెళ్లాం పిల్లలతో పిక్నిక్‌కి. తిండి, బీరు, ఉపన్యాసాలు, సాయంత్రం దాకా ఆటపాటలు. రోజుకి పది, పన్నెండు గంటలు పనిచేసే మనిషికి తన బిడ్డను వెలుగులో చూసే అవకాశమే తక్కువ. వాళ్లు అడిగింది కూలి పెంచమని ఒక్కటే కాదు. ఎనిమిది గంటల పని, ఎనిమిది గంటల నిద్ర పోగా మిగిలిన ఎనిమిది గంటలు మాకు వదలండి అని అడిగారు. ఆ గంటలు దేనికో ఆ పిక్నిక్‌లోనే చేసి చూపించారు. అందుకే ఈ రోజున గ్రిల్ వెలిగించడం ఆ పండగ అర్థాన్ని మరిచిపోవడం కాదని నా నమ్మకం. వాళ్లు కోరింది సరిగ్గా ఇదే.

ఆ కోరికకి చికాగో చాలా మూల్యం చెల్లించింది. 1886 మే 1న ఎనిమిది గంటల పనికోసం దేశమంతటా సమ్మె మొదలైంది. చికాగోలో వేలాదిమంది వీధుల్లోకి వచ్చారు. వారిలో జర్మన్లు, చెక్‌లు, పోలిష్‌వాళ్లు, ఐరిష్‌వాళ్లు ఎక్కువ. అందరూ మాలాగా వేరే దేశం నుంచి వచ్చి కుదురుకుంటున్నవాళ్లే. మూడో తేదీన మెకార్మిక్ ఫ్యాక్టరీ దగ్గర పోలీసు కాల్పులు జరిగాయి. నాలుగో తేదీ రాత్రి హేమార్కెట్ దగ్గర నిరసన సభలో ఎవరో పోలీసుల మీద బాంబు వేశారు. వేసిందెవరో ఈ రోజుకీ తేలలేదు. ఎనిమిది మందిని దోషులన్నారు. 1887 నవంబర్ 11న ఆల్బర్ట్ పార్సన్స్, ఆగస్ట్ స్పైస్‌తో సహా నలుగురిని ఉరితీశారు. ఒకరు అంతకుముందు రోజే జైల్లో చనిపోయారు. మిగిలిన ముగ్గురికి 1893లో ఇల్లినాయ్ గవర్నర్ ఆల్ట్‌గెల్డ్ క్షమాభిక్ష ఇస్తూ, విచారణ న్యాయంగా జరగలేదని రాశాడు. 1889లో పారిస్‌లో కలిసిన కార్మిక పార్టీలు మే 1ని ప్రపంచమంతటా పాటించాలని తీర్మానించాయి. అదే మన మేడే. మన దేశంలో దాన్ని మొదట జరిపింది 1923లో, మద్రాసులో, సింగారవేలు చెట్టియార్.

మా నాన్న సింగరేణిలో పనిచేశారు. కొత్తగూడెంలో ప్రతి మేడేకీ ఎర్రజెండా ఎగరేసినవారు. ఆయన్ని డెస్‌ప్లెయిన్స్ వీధిలోని హేమార్కెట్ స్మారకం దగ్గరికి తీసుకెళ్లాను. నాటి సభలో వక్తలు నిలబడ్డ బండినీ, దాని చుట్టూ మనుషులనూ కంచులో పోతపోశారు. దిమ్మె మీద ఎన్నో దేశాల కార్మిక సంఘాలు తెచ్చి బిగించిన ఫలకాలున్నాయి. నాన్న వాటిని చేత్తో తడుముతూ ఒక్కొక్కటీ చూశారు. ఈ ఊళ్లో మే 1న సెలవు లేదని చెప్పినప్పుడు నమ్మలేదు. "ప్రపంచానికంతా ఇచ్చిన ఊరికి లేదేంరా?" అన్నారు.

ఆ ప్రశ్నకి జవాబు వెతకాలంటే చికాగో దక్షిణాన ఉన్న పుల్‌మన్‌కి వెళ్లాలి. రైళ్లలో పడక పెట్టెలు తయారుచేసే జార్జ్ పుల్‌మన్ 1880లలో తన కార్మికుల కోసం ఒక ఊరే కట్టాడు. ఇటుక ఇళ్లు, తోటలు, గ్రంథాలయం, చర్చి. అంతా అందంగా ఉండేది, అంతా కంపెనీదే. ఏ కార్మికుడూ ఇల్లు కొనుక్కోవడానికి లేదు. 1893 ఆర్థిక సంక్షోభంలో కంపెనీ కూలిని సగటున పాతిక శాతం కోసింది, ఇంటి అద్దె మాత్రం పైసా తగ్గించలేదు. అద్దె పోగా చేతికి దాదాపు ఏమీ రాని కుటుంబాలు ఉండేవి. 1894 మే 11న పని ఆపేశారు. జూన్ చివర్లో యూజిన్ డెబ్స్ నాయకత్వంలోని రైల్వే యూనియన్ పుల్‌మన్ పెట్టెలున్న ఏ రైలునీ నడపబోమంది. చికాగో నుంచి పశ్చిమానికి రైళ్లు నిలిచిపోయాయి.

సరిగ్గా ఆ రోజుల్లోనే, జూన్ 28న, అధ్యక్షుడు గ్రోవర్ క్లీవ్‌లాండ్ సెప్టెంబర్ మొదటి సోమవారాన్ని జాతీయ సెలవుగా ప్రకటించే చట్టం మీద సంతకం పెట్టాడు. వారం తిరక్కుండానే అదే చేతితో చికాగోకి సైన్యాన్ని పంపాడు. కాల్పుల్లో మనుషులు చనిపోయారు. సమ్మె విరిగింది. డెబ్స్ జైలుకెళ్లాడు. సెప్టెంబర్ పండగ అప్పటికే చాలా రాష్ట్రాల్లో ఉంది, దానికి హేమార్కెట్ జ్ఞాపకం అంటుకోలేదు. మే 1కి అంటుకుంది. అందుకే ప్రభుత్వానికి సెప్టెంబర్ సులువైంది. మా నాన్న ప్రశ్నకి నాకు దొరికిన జవాబు ఇది.

పుల్‌మన్ కథలో ఇంకో అధ్యాయం ఉంది. ఆ పడక పెట్టెల్లో ప్రయాణికులకు సేవలు చేసిన పోర్టర్లు నల్లజాతివాళ్లు. డెబ్స్ యూనియన్ వాళ్లకు సభ్యత్వం ఇవ్వలేదు. 1925లో ఏ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకుడిగా వాళ్లు తమ యూనియన్ పెట్టుకుని, పన్నెండేళ్లు పోరాడి, 1937లో కంపెనీతో ఒప్పందం సాధించారు. మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగించిన 1963 వాషింగ్టన్ ప్రదర్శనకు పెద్దగా నిలబడింది ఈ రాండాల్ఫే. పుల్‌మన్ ఇప్పుడు జాతీయ చారిత్రక పార్కు. చికాగో వచ్చే చుట్టాలకి డౌన్‌టౌన్ ఎత్తైన మేడలతో పాటు దీన్నీ చూపించాలని నేను అందరికీ చెబుతుంటాను.

శనివారం సెలవు కూడా ఇలా మెల్లగా వచ్చిందే. 1926లో హెన్రీ ఫోర్డ్ తన ఫ్యాక్టరీల్లో వారానికి ఐదు రోజుల పని పెట్టాడు. తీరిక ఉన్న మనిషే కారు కొంటాడన్నది ఆయన లెక్క. ఆ కార్లకి వాడిన కలపలో మిగిలిన ముక్కల్ని ఆయనే బొగ్గు దిమ్మలుగా చేయించి అమ్మించాడు. ఈ రోజు మేం గ్రిల్‌లో పోసే కింగ్స్‌ఫర్డ్ బొగ్గు అక్కడ మొదలైందే. ఆ బొగ్గు పోసే గుండ్రటి వెబర్ గ్రిల్లు కూడా చికాగోదే. 1952లో, నీళ్లలో తేలే లోహపు బోయాలు చేసే ఫ్యాక్టరీలో జార్జ్ స్టీఫెన్ అనే ఉద్యోగి అలాంటి గుండ్రటి బోయాను రెండుగా కోసి తయారుచేశాడు. ఈ మధ్యలో 1938లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్, కార్మిక శాఖ కార్యదర్శి ఫ్రాన్సిస్ పెర్కిన్స్ పట్టుదలతో, పనిగంటల చట్టం తెచ్చాడు. 1940 నాటికి వారానికి 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్ల కూలి ఇవ్వాల్సిందే అయింది.

చివరగా లిండన్ జాన్సన్. మెమోరియల్ డేతో పాటు మరికొన్ని సెలవుల్ని సోమవారానికి జరిపే చట్టం మీద ఆయన సంతకం పెట్టింది 1968లో, మళ్లీ జూన్ 28నే. కుటుంబాలు కలుసుకోవడానికి మూడు రోజులు వరసగా దొరకాలన్నది దాని ఉద్దేశం. 1971 నుంచి అమలైంది. ఆ సంతకానికి మూడేళ్ల ముందు, 1965లో, ఆసియా వాళ్లకు దాదాపు మూసి ఉంచిన తలుపులు తెరిచిన వలస చట్టం మీద సంతకం పెట్టిందీ ఆయనే. మన డాక్టర్లు, ఇంజనీర్లు ఇక్కడికి రాగలిగారన్నా, వచ్చినవాళ్లం ఇలా ఒకచోట కూర్చుని భోంచేయగలుగుతున్నామన్నా ఆ రెండు సంతకాల చలవ ఉంది.

ఈ కథ ఇంకా పూర్తవలేదు. ప్రైవేటు ఉద్యోగికి పండగ రోజున జీతంతో సెలవు ఇచ్చి తీరాలని ఇక్కడి ఫెడరల్ చట్టం ఇప్పటికీ చెప్పదు. లేబర్ డే నాడు నాకు ఐస్ సంచులు అమ్మే అమ్మాయికి సెలవు లేదు. పెట్రోలు బంకులో, మోటల్‌లో, ఇండియన్ రెస్టారెంట్ వంటింట్లో ఉన్న మనవాళ్లకి లేదు. మేం బస్సీ వుడ్స్‌లో ఉన్న గంటల్లో హైదరాబాద్‌లో ఎవరో రాత్రి షిఫ్టులో కూర్చుని ఇక్కడి కంపెనీల సర్వర్లను కనిపెట్టుకుని ఉంటారు. అందుకే మా బృందంలో ఒక అలవాటు పెట్టుకున్నాం. భోజనాలకు ముందు ఒకరు పిల్లలకి ఈ కథలో ఒక ముక్క చెబుతారు. షిఫ్టు వల్ల రాలేకపోయిన ఇంటికి సాయంత్రం క్యారేజీ వెళుతుంది.

ఇంటి దగ్గర ఉన్న మీకు కూడా ఇది దూరపు సంగతి కాదు. మన ఆదివారం సెలవూ ఊరికే రాలేదు. నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్ల తరబడి పోరాడితే 1890లో బొంబాయి మిల్లు కార్మికులకు అది దక్కింది. తర్వాతి కాలంలో ఆ మిల్లుల్లో మన పద్మశాలీలు ఎందరో పనిచేశారు. 2025లో రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ రోజు పనిని పది గంటల దాకా పెంచేందుకు వీలిచ్చే నిర్ణయాలు తీసుకున్నాయి. ఆ పెరిగే గంటలు ఎవరి ఇంటి నుంచి, ఏ బిడ్డ దగ్గర నుంచి తీసుకుంటున్నామో అడగాల్సిన సమయం ఇది.

ఇంకో మాట. రూజ్‌వెల్ట్ చట్టం మొదట్లో పొలం కూలీలనీ ఇంటిపనివాళ్లనీ బయటే ఉంచింది. మన ఊళ్లలో ఈ రోజుకీ ఇంటిపని చేసే మనిషికి వారాంతం లేదు. మీ ఇంట్లో పనిచేసే ఆమెకి వారానికి ఒక రోజు, జీతం కోయకుండా, తన పిల్లలతో గడిపే సెలవు ఉందో లేదో చూడండి. లేకపోతే ఈ వారం నుంచే ఇవ్వండి. 1882లో ఆ పదివేల మంది అడిగింది ఇంతకన్నా పెద్ద కోరికేమీ కాదు.