పారీఖత్తు: ఆదవాని సీమలో భూమి, ఇంటిసామాను పంపకములు

అన్నదమ్ములు వేరుపడునపుడు వ్రాసికొను పత్రమునకు తెలుగునాట పారీఖత్తు అను పేరు కలదు. ఈ మాట పారసీక దర్బారు వ్యవహారమునుండి మనకు వచ్చినది. 'ఫారిగ్' అనగా విడుదల పొందినవాడు. 'ఖత్' అనగా వ్రాత. దీనిలో దానము లేదు, కానుక లేదు. ఒకరి భాగముపై నొకరికిగల హక్కును విడిచిపెట్టుట మాత్రమే కలదు. మన దేశమున తండ్రియాస్తి బిడ్డలకు చేరు తీరును గ్రహించుటకు ఈ పేరొక్కటియే మంచి ఆధారమని మా తలంపు.

పోలికకొరకు దూరదేశమును చూతము. 18వ శతాబ్దిలో వర్జీనియా వలసయందు పొగాకు తోటల దొర మరణశాసనము వ్రాయనిచో భూమి యంతయు పెద్దకొడుకునకే చెందెడిది. ఆ నియమమును 1785లో చట్టము చేసి తొలగించిరి. కావున పెక్కుమంది బిడ్డలుగల దొర వీలునామా వ్రాయుట అవసరమయ్యెను. అందు కొడుకులకు తోటలు, కూతుండ్రకు పరుపులు, పశువులు, పాత్రలు వ్రాయుట పరిపాటి. బానిసలను గూడ పేరుపేరునా బిడ్డల కిచ్చెడివారు. 1705లో అచ్చటి శాసనసభ బానిసలను స్థిరాస్తిగా నిర్ణయించెను. ఇంటిసామాను జాబితాలో మనుష్యుల పేర్లు చేరిన ఆ పత్రములను చదువుట కష్టమే. అయినను వానియందు గమనింపదగిన దొకటి కలదు: ఇచ్చువాడు తండ్రి, ఇచ్చుట అతని యిష్టము.

మన సీమలో అట్లు కాదు. ఆదవాని ప్రాంతము పూర్వము సిందవాడి నాడులో చేరి కల్యాణి చాళుక్యుల యేలుబడిలో నుండెను. ఆరవ విక్రమాదిత్యుని కాలమున (1076-1126) కల్యాణిలోనే విజ్ఞానేశ్వరుడు మితాక్షర రచించెను. తిక్కనకు దశకుమారచరిత్రము నంకితమిచ్చిన కేతన, 13వ శతాబ్దిలో దానిని విజ్ఞానేశ్వరీయముగా తెలుగు చేసెను. మితాక్షర మతమున పితృపైతామహమైన ఆస్తిలో కొడుకునకు పుట్టుకతోనే స్వత్వము కలదు. తండ్రి పంచి యిచ్చుట లేదు. ఉన్న హక్కును వేరుచేయుచున్నాడు, అంతియే. జ్యేష్ఠునకు ఎక్కువ భాగము స్మృతులలో చెప్పబడినను, అది లోకమునకు సమ్మతము కాదు గనుక ఆచరింపరాదని విజ్ఞానేశ్వరుడు నిర్ణయించెను. శాస్త్రముకంటె లోకమునకు పెద్దపీట వేసిన ఆ ధైర్యము సామాన్యము కాదు.

ఇంటివస్తువుల విషయమున నాతని విచారము మిక్కిలి సూక్ష్మము. కట్టుకొను బట్టలు కట్టుకొన్నవానివే. బావిని వెలకట్టి పంచరాదు, వంతులవారీగా వాడుకొనవలెను. దారియు నట్లే అందరిది. దాసీజనము బేసిసంఖ్యలో నున్నచో వెలకట్టి పంచక వంతులవారీగా పని చేయించుకొనవలెనని కూడ చెప్పెను. వర్జీనియా జాబితాలను తప్పుపట్టు మనము ఈ వాక్యమును దాటిపోరాదు. మన యిండ్లలోను మనుష్యులు సామానులో చేరిన కాలము కలదు.

పెద్దకడుబూరు వంటి నల్లరేగడి గ్రామములలో ఈ వంతుల సూత్రమునకు ప్రయోజన మెక్కువ. చేనిని గట్టు వేసి రెండు చేయవచ్చును. గొర్రు, గుంటకలను రెండు చేయుట యెట్లు? పెక్కుజతల యెద్దులు లాగవలసిన పెద్ద మడక ఉన్నచో, యెద్దులు తలా ఒక జతగా విడిపోయిన నాటినుండి అది కొట్టములో మూలబడవలసినదే. భాగములు సమముగా నున్నను సేద్యము మాత్రము కుంటుపడును. వేరుపడిన తరువాతను అన్నదమ్ములు ఎద్దులను బదులు తెచ్చుకొనుట ప్రేమవలన మాత్రమే కాదు, అవసరమువలన గూడ.

1800 అక్టోబరులో నిజాము ఈ సీమను కుంఫిణీకి దత్తము చేసెను. థామస్ మన్రో 1807 వరకు ప్రధాన కలెక్టరుగా నుండి చేలను కొలిపించి, రైతువారీ పద్ధతిని నెలకొల్పెను. (ఆతడు 1827లో గవర్నరుగా పర్యటించుచు ఇక్కడికి సమీపమున గల పత్తికొండలోనే కలరా సోకి మరణించెను.) నడుమ గ్రామగుత్తలు వచ్చిపోయినను తుదకు రైతువారీయే నిలిచెను. అయితే పట్టా ఒకరి పేర నుండును, హక్కు కుటుంబమునది. ఇంటిపెద్ద పేరనే పట్టా సాగుచుండగా, పెద్దమనుషుల యెదుట నోటిమాటతో అన్నదమ్ములు పంచుకొని వేర్వేరుగా సేద్యము చేసికొనుట సంభవము. చట్టమును దీనిని కాదనలేదు. భాగములు నిర్ణయించుకొన్నచో, గట్లు వేయకున్నను కుటుంబము విడిపోయినట్లేయని 1866లో మదరాసు రాజధాని వ్యాజ్యమొకదానిలో ప్రీవీ కౌన్సిలు తీర్పు చెప్పెను. 1908 రిజిస్ట్రేషను చట్టము, వ్రాసిన భాగపత్రమునకే గాని నోటిమాట పంపకమునకు రిజిస్ట్రేషను కోరలేదు.

ఇక ఆడుబిడ్డ మాట. అవివాహితయైన సోదరికి అన్నదమ్ములు చతుర్థాంశ మీయవలెనని యాజ్ఞవల్క్యుడు చెప్పగా, అది నిజమైన భాగమే యని మితాక్షర వాదించెను. కాలక్రమమున అది పెండ్లిఖర్చుగా కుంచించుకొనిపోయెను. 1937 చట్టము వితంతువునకు జీవితకాలపు హక్కు నిచ్చినను సేద్యపు భూమికి అది వర్తింపలేదు. మదరాసు రాష్ట్రము 1947లో గాని ఆ లోపమును దిద్దలేదు. 1953లో ఆదవాని తాలూకా బళ్ళారి జిల్లానుండి కర్నూలు జిల్లాకు వచ్చెను. కూతురికి పుట్టుకతోనే హక్కు కలదని ఆంధ్రప్రదేశము చేసిన చట్టము 1985 సెప్టెంబరు 5 నుండి అమలయ్యెను. కాని ఆనాటికి పెండ్లియైనవారికి అది వర్తింపలేదు. ఒకే యింట అక్క పెండ్లి ఆ యేడు వేసవిలోను, చెల్లెలి పెండ్లి మరుసటి యేడు జరిగినచో, చెల్లెలికి హక్కు కలదు, అక్కకు లేదు. 2005లో కేంద్రచట్టము ఈ భేదమును తొలగించెను.

అయితే 2004 డిసెంబరు 20కి పూర్వము రిజిస్టరు చేసిన పత్రము ద్వారా గాని, కోర్టు డిక్రీ ద్వారా గాని జరిగిన పంపకములను కదలింపరాదని అందే కలదు. మరి నోటిమాట పంపకముల గతి యేమి? ప్రభుత్వ పత్రముల బలముండి, పంపకము నిజముగా జరిగినదని రుజువైనప్పుడు, అదియు అరుదుగా మాత్రమే, అంగీకరింపవచ్చునని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు నిర్ణయించెను. తాతలనాటి పెద్దమనుషుల సాక్ష్యము చాలదు. అన్నదమ్ములు ఎన్నడో తెగిపోయినదని తలచిన లెక్క, అక్కచెల్లెండ్ర చేతిలో మరల తెరువబడుచున్నది.