సారథ్ నమూనా: రంగులద్దకం, వెదరింగ్

సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారంలో తయారయ్యే సారథ్ పదాతిదళ యుద్ధవాహనానికి ప్లాస్టిక్ ప్రతిరూపం చేసి, సైనిక రంగులతో పాటు దుమ్ము, తుప్పు, రాపిడి జాడలు తెప్పించడం స్కేల్ మోడలింగ్‌లో ఒక శాఖ. జాడలు తెప్పించే పనిని వెదరింగ్ అంటారు.

సారథ్ సోవియట్ బీఎంపీ-2కు భారతీయ రూపం. 1984లో శంకుస్థాపన జరిగిన ఈ కర్మాగారం 2021 అక్టోబర్ 1 నుంచి ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ లిమిటెడ్‌లో భాగం. వాహనం పొడవు సుమారు 6.7 మీటర్లు; 1/35 స్కేల్‌లో అది 19 సెంటీమీటర్లకు కాస్త పైన. ఈ స్కేల్ జపాన్ సంస్థ టామియా వల్ల స్థిరపడింది. తొలి ట్యాంకు బొమ్మలో మోటారు, బ్యాటరీలు పట్టేలా ఎంచుకున్న కొలత అది, గణిత సౌలభ్యం కోసం కాదు.

ప్రైమర్ మీద మూల వర్ణం వేస్తారు. చిన్న వస్తువుపై ముదురు రంగు మరింత ముదురుగా కనిపిస్తుంది కనుక ఆకుపచ్చను కొంత లేతగా చేస్తారు. పలుచన చేసిన ముదురు రంగు, అంటే వాష్, అతుకుల్లోకి, బోల్టుల చుట్టూ దిగి లోతు చూపుతుంది. డ్రై బ్రష్, అంటే దాదాపు ఆరిన కుంచెతో లేత రంగు రాయడం, అంచులను ఎత్తి చూపుతుంది. రంగు పెచ్చులూడినట్టు చూపడానికి తుప్పు రంగు మీద హెయిర్‌స్ప్రే కొట్టి, పైన ఆకుపచ్చ వేసి, తడి కుంచెతో గీకుతారు.

జాడలకు వాహన నిర్మాణమే ఆధారం. ఇంజిన్ ముందు కుడివైపు ఉండటంతో పొగమసి ఆ పక్క పైభాగాన పడుతుంది. సైనికులు దిగే వెనుక తలుపుల అంచుల్లో రంగు అరుగుతుంది. తుప్పు ఎక్కువగా గొలుసుపట్టాలకే పరిమితం. కవచమంతా తుప్పు పూయడం కొత్తవారి పనిలో తరచూ కనిపించే అతి. రాజస్థాన్ ఇసుకకు లేత గోధుమ పిగ్మెంట్ పొడి, దక్కన్ నల్లరేగడికి ముదురు బూడిద పొడి వాడతారు.