కొత్త కారా, పాత కారా? మన సర్హద్దు చెప్పే తారీఖ్



ఒక జమానాలో మన ముల్కులో పాత కారు కొత్త కారు కంటే ఎక్కువ ధర పలికేది. ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. కానీ హకీకత్ అదే. ఎందుకలా జరిగిందో తెలుసుకుంటే, ఇవాళ మన ఇళ్లలో జరిగే ఒక బహస్‌కు జవాబు దొరుకుతుంది.

నందిగామలో ఉన్న మా ఖాలా కొడుకు కారు కొనాలనుకుంటున్నాడు. షోరూంలో కర్జ్ మీద కొత్తది తీసుకోవాలా, కోదాడలో ఎవరో అమ్ముతున్న పాతది నఖద్ ఇచ్చి తెచ్చుకోవాలా అని నెల రోజులుగా తర్జనభర్జన పడుతున్నాడు. నన్ను మష్వరా అడిగాడు. ఇంజిన్ సంగతి మిస్త్రీకి తెలిసినంత నాకు తెలియదు. నాకున్న షౌఖ్ తారీఖ్ మీద. అందుకే అటువైపు నుంచే రాస్తున్నాను. ఇదే ఫికర్‌లో ఉన్న మిగతా ఇళ్లకు కూడా పనికొస్తుందని నా ఉమ్మీద్.

రెండు రూపాయల సర్హద్దు

మన జగ్గయ్యపేట పాత పేరు బేతవోలు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గన్న పేరు మీద ఇక్కడ పేట కట్టించాడు. అంతకు ముందే, కుతుబ్‌షాహీల జమానాలో, గోల్కొండ నుంచి మచిలీపట్నం బందరుకు పోయే తిజారతీ దారి మన మెట్ట ప్రాంతం గుండానే నడిచింది. ఆ తర్వాత బందరు వైపు అంగ్రేజుల చేతికి పోయింది. పాలేరు అవతల నిజాం ఇలాఖా మిగిలింది. మన ఊళ్లు సర్హద్దు ఊళ్లయ్యాయి.

ఆ సర్హద్దు ఉత్త గీత కాదు. అటువైపు హాలీ సిక్కా, ఇటువైపు కల్దార్. సుమారు 7 హాలీ రూపాయలు ఇస్తే 6 కల్దార్ రూపాయలు వచ్చేవి. సరుకు దాటితే నిజాం హుకూమత్ కరోడ్‌గిరీ మహకమా మహసూల్ వసూలు చేసేది. ఇంకో తమాషా ఏమిటంటే, చుట్టూ నిజాం ఇలాఖా ఉన్నా మధ్యలో మునగాల పరగణా మాత్రం మద్రాసు ప్రెసిడెన్సీలోని కృష్ణా జిల్లాది. బెజవాడ నుంచి హైదరాబాద్ పోయే ముసాఫిర్ ఒకే ప్రయాణంలో హుకూమత్ మీద హుకూమత్ దాటేవాడు.

ఆ కాలంలో కారు ఆమ్ ఆద్మీ సంగతే కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌కు ఆర్డర్ ఇచ్చి 1911లో ఇంతెకాల్ అయ్యారు. అది వచ్చాక ఆయన కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ పాలైంది. సింహాసనం లాంటి సీటు ఉన్న ఆ పసుపు కారు తిరిగింది చాలా తక్కువ. దాన్ని ఇప్పుడు చౌమహల్లా పేలస్‌లో చూడొచ్చు. అవామ్‌కు మిగిలింది బస్సు. 1932లో నిజాం స్టేట్ రైల్వే వారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది ముాలాజిములతో మొదలైంది. మన ఆర్టీసీకి అదే బునియాద్.

1948 సెప్టెంబర్ 13న హైదరాబాద్ మీదికి బయలుదేరిన ఫౌజులో ఒక భాగం బెజవాడ నుంచి ఇదే దారిన పోయింది. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి సర్హద్దు చెరిగిపోయింది. 2014 జూన్ 2న మళ్లీ వచ్చింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. పాత కారు హిసాబ్‌లో దీనితో పని ఉంది.

ఖతార్ జమానా

ఆజాదీ తర్వాత హుకూమత్ దేశంలోనే తయారు చేసే కంపెనీలకే దారి ఇచ్చింది. 1950ల నడుమ ఫోర్డ్, జనరల్ మోటార్స్ మూట కట్టుకుని పోయాయి. మిగిలినవి ముఖ్యంగా మూడు. హిందుస్థాన్ మోటార్స్ వారి అంబాసిడర్, బొంబాయి ప్రీమియర్ వారి ఫియట్, మద్రాసు స్టాండర్డ్ వారి హెరాల్డ్. ఎన్ని కార్లు చేయాలో లైసెన్సు చెప్పేది. ఎవరికి ఇవ్వాలో చెప్పడానికి 1959లో కార్ల పంపిణీ, అమ్మకం మీద కంట్రోల్ ఆర్డర్ వచ్చింది. 1969లో ధర కూడా హుకూమత్ ఖరారు చేసింది. కంపెనీలు సుప్రీం కోర్టు దాకా పోయాయి.

దీని నతీజా ఏమైంది? కొత్త కారు ధర కాగితం మీద తక్కువే. కానీ కారు చేతికి రావాలంటే ఏళ్ల తరబడి ఖతార్‌లో ఉండాలి. పాత కారుకు ఖతార్ లేదు. డబ్బు ఇచ్చిన రోజే తాళం చేతికొస్తుంది. అందుకే ఒకటి రెండేళ్లు వాడిన ఫియట్ కూడా కంపెనీ ధర కంటే పైకి పలికేది. బజాజ్ స్కూటర్ కథ కూడా అంతే. జనం కొన్నది బండిని కాదు, వక్త్‌ను.

1983 డిసెంబర్ 14న ఢిల్లీలో ఇందిరా గాంధీ మొదటి మారుతి 800 తాళాలు ఇచ్చారు. ధర దాదాపు 50 వేల రూపాయలు. దానికి ముందే లక్షకు పైగా జనం తలా 10 వేలు కట్టి బుక్ చేసుకున్నారు. అంటే ఖతార్ అప్పటికీ పోలేదు. 1993లో కార్ల తయారీకి లైసెన్సు రద్దయింది. 1998లో సాంట్రో, ఇండికా వచ్చాయి. అప్పుడు కానీ పాత కారు అసలు పాత కారు ధరకు దిగలేదు.

తర్వాత 2014 వచ్చింది. జనవరిలో మారుతి 800 తయారీ ఆగింది. మేలో అంబాసిడర్ ఆగింది. జూన్‌లో మన గరికపాడు దగ్గర సర్హద్దు తిరిగొచ్చింది.

కొత్త కరోడ్‌గిరీ

జగ్గయ్యపేట నుంచి కోదాడకు పోయి కారు చూసి రావడం అరపూట పని. బండి మీద టీఎస్ నంబరు ఉంటే మాత్రం అది ఇంకో రాష్ట్రం బండి. అక్కడి రవాణా శాఖ నుంచి ఫారం 28 మీద ఎన్ఓసీ రావాలి. మన రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచుకుంటే ఇక్కడి నంబరు తీసుకోవాలి. బండి వయసును బట్టి ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. హాలీ సిక్కా పోయింది, కరోడ్‌గిరీ పేరు పోయింది, మహసూల్ మాత్రం మిగిలింది. కోదాడలో సస్తాగా కనిపించిన కారు ఈ ఖర్చు కలిపాక నందిగామ కారు కంటే ఎక్కువ కావచ్చు. ముందు హిసాబ్ వేయండి, తర్వాత బయానా ఇవ్వండి.

అన్నట్టు, తెలుగు బేరంలో ఎన్ని లఫ్జులు మనవో చూడండి. బయానా, రసీదు, దలాలీ, కిస్తీ, వాయిదా, జప్తు, అసలు, మరమ్మతు. అన్నీ ఉర్దూ దారిలో వచ్చి తెలుగులో స్థిరపడ్డాయి. బేరం కుదరకపోతే బయానా మింగేసే రివాజు మాత్రం మనది కాదు. హనఫీ ఫిఖహ్‌లోనే కాదు, ఎక్కువ మంది ఉలమా దృష్టిలో అది నాజాయిజ్. హంబలీలు మాత్రం ఇజాజత్ ఇచ్చారు.

కాగితాల సంగతి ఇంకొకటి. అమ్మినవాడు అదే రాష్ట్రంలో అయితే 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలి. ఫారం 29, ఫారం 30. ఫైనాన్స్ ఉన్న బండి అయితే ఫారం 35, ఫైనాన్స్ వారి ఎన్ఓసీ కూడా. దోస్తీ మీద నమ్మి పేరు మార్చకుండా బండి ఇచ్చేవాళ్లు మన గల్లీల్లో చాలామంది. 2018లో నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో సుప్రీం కోర్టు సాఫ్‌గా చెప్పింది. బండి ఎన్ని చేతులు మారినా రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉంటే హాదసా పరిహారానికి జిమ్మేదార్ వాడే. పాత యజమాని ఫాస్టాగ్ కూడా మార్పించండి. లేదంటే చిల్లకల్లు, కీసర టోల్‌గేట్ల దగ్గర మీ ప్రయాణానికి అతని ఖాతాలో డబ్బు కోస్తారు. అది పరాయి మాల్.

తడిసిన ధాన్యం

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం.

రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం ఒకసారి బజార్‌లో ధాన్యం రాశి దగ్గర ఆగారు. రాశిలో చెయ్యి పెట్టారు. పైన పొడిగా ఉంది, లోపల తడిగా ఉంది. ఇదేమిటని అడిగారు. వాన పడిందని వ్యాపారి చెప్పాడు. అయితే తడిసినదాన్ని జనానికి కనపడేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన నిలదీశారు. ధోఖా చేసేవాడికి తనతో వాస్తా లేదని హెచ్చరించారు. సహీహ్ ముస్లిం‌లో ఉన్న ఈ వాఖియా మన పిల్లలకు కూడా తెలుసు.

ఈ హదీస్‌ను మన ఇలాఖాలో చదివితే ఇంకోలా తగులుతుంది. 2023 జులైలో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర 65వ నంబరు హైవే మీదికి నీళ్లొచ్చాయి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు విజయవాడను ముంచింది. వేలాది బండ్లు రోజుల తరబడి నీళ్లలో నానాయి. ఆ కార్లన్నీ తుక్కు కాలేదు. మరమ్మతు ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే బీమా కంపెనీ దాన్ని పూర్తి నష్టంగా లెక్క కడుతుంది. ఆ బండి ఉన్నదున్నట్టు వేలంలో పోతుంది. ఎవరో కొంటారు, కడుగుతారు, పాలిష్ పెడతారు. మళ్లీ బజార్‌లోకి వస్తుంది. పైన పొడి, లోపల తడి.

కాబట్టి మీరూ చెయ్యి లోపల పెట్టి చూడండి. సీటు బెల్టు మొత్తం బయటికి లాగండి, చివరన బురద చార ఉందేమో కనిపిస్తుంది. కింద పరిచిన మ్యాట్ ఎత్తి వాసన చూడండి. స్టెప్నీ గుంతలో, సీటు పట్టాల బోల్టుల దగ్గర తుప్పు వెతకండి. హెడ్‌లైట్ లోపల చెమ్మ చూడండి. బీమా క్లెయిముల హిస్టరీ అడగండి. మీకు నమ్మకమైన మిస్త్రీని వెంట తీసుకెళ్లండి, దలాల్ తెచ్చిన మిస్త్రీని కాదు.

అంగ్రేజీ ఖానూన్ అసూల్ ఏమిటంటే కొనేవాడే జాగ్రత్త పడాలి. మన 1930 నాటి సరుకుల అమ్మకాల చట్టంలో 16వ సెక్షన్ దాని మీదే నిలబడింది, కొన్ని మినహాయింపులతో. ఫిఖహ్ బోజ్ అమ్మేవాడి మీద పెడుతుంది. ఐబ్ ఉంటే చెప్పాల్సింది వాడే. చెప్పకుండా అమ్మితే కొన్నవాడికి ఖియారె ఐబ్ ఉంటుంది, అంటే సరుకు వాపస్ ఇచ్చే హక్. ముందే మాట్లాడుకుంటే ఖియారె షర్త్ కూడా ఉంది. ఇమామ్ అబూ హనీఫా దానికి మూడు రోజుల హద్దు పెట్టారు. మూడు రోజులు నడిపి చూస్తాను, నచ్చకపోతే వాపస్ అని బేరంలోనే కాగితం మీద రాసుకోండి. ఇదే మాట మన వైపు అమ్మేవాళ్లకు కూడా. మీ బండి యాక్సిడెంట్ అయి ఉంటే, నీళ్లలో నాని ఉంటే, ముందే చెప్పండి. నాలుగు వేలు తగ్గితే తగ్గుతాయి, బర్కత్ మిగులుతుంది.

సూద్ హిసాబ్

మరి కొత్త కారులో ఐబ్ లేదా? బండిలో ఉండదు. ఖరీదు చేసే తరీఖాలో ఉంటుంది.

మిసాల్‌కు 6 లక్షల కర్జ్, ఏడాదికి 9.5 శాతం, 5 ఏళ్లు అనుకోండి. నెల కిస్తీ సుమారు 12,600. మొత్తం కట్టేది 7 లక్షల 56 వేలు. అంటే సూద్ ఒక లక్షా 56 వేలు. అదే సమయంలో బీమా పట్టిక ప్రకారం కారు విలువ మొదటి ఏడాది తిరిగేసరికి 15 శాతం, రెండేళ్లకు 20, మూడేళ్లకు 30, నాలుగేళ్లకు 40, ఐదేళ్లకు 50 శాతం తగ్గుతుంది. కర్జ్ తీరే రోజుకు చేతిలో సగం కారు, ఆమాల్‌నామాలో పూర్తి సూద్. అమ్మేవాడే కొంచెం ఎక్కువ ధర ముందే ఖరారు చేసి, ఆలస్యమైనా పైసా పెంచకుండా కిస్తీల్లో ఇస్తే ఎక్కువ మంది ఉలమా జాయిజ్ అన్నారు. బ్యాంకు కర్జ్ అది కాదు.

అయితే కొత్త కారు వైపు కూడా ఇన్సాఫ్‌గా మాట్లాడాలి. జాన్ కూడా అమానతే. 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ బ్రేకులు, 2019 జులై నుంచి డ్రైవర్‌కు ఎయిర్‌బ్యాగ్, 2021 ఆఖరు నుంచి పక్క సీటుకు కూడా లాజిమీ అయ్యాయి. 65వ నంబరు హైవే మీద లారీల నడుమ పిల్లలతో తిరిగేవాళ్లు సస్తా అని 2012 బండి కొనకూడదు. పైగా 15 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 2022 నుంచి 5 వేలు. 20 ఏళ్లు దాటితే 2025లో 10 వేలు చేశారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది కాబట్టి, కొత్త ధర తగ్గిన మేరకు పాత కారు బేరం కూడా దిగాలి. పాత ధర పట్టుకుని కూర్చున్నవాడితో ఇదే మాట చెప్పండి.

ఫైసలా

చేతిలో పూర్తి నఖద్ ఉంటే కొత్తది కొనండి, అల్హమ్దులిల్లాహ్. లేకపోతే 2022 తర్వాత తయారై, మూడు నాలుగేళ్లు నడిచి, మన రాష్ట్రం నంబరే ఉండి, కాగితాలు సాఫ్‌గా ఉన్న కారు చూడండి. విలువ పడిపోవడం అనే పెద్ద దెబ్బ మొదటి యజమాని తిని ఉంటాడు. భద్రత మీకు దక్కుతుంది. ఖర్చు మీ జేబుకు సరిపోతుంది.

అదీ కుదరకపోతే ఆగండి. మన దాదాలు కారు కోసం హుకూమత్ నిలబెట్టిన ఖతార్‌లో ఏళ్ల తరబడి ఆగారు. అది మజ్‌బూరీ. మనం సూద్ నుంచి తప్పుకోవడానికి రెండేళ్లు ఆగితే అది సబర్. జగ్గయ్యపేట నుంచి నందిగామకు బస్సులు నడుస్తూనే ఉన్నాయి.

అల్లాహ్ మన కమాయీలో, మన సవారీల్లో బర్కత్ ఇవ్వాలి. ఆమీన్.