చీనా చక్రవర్తి పాతాళమందిరము



చీనా రాజధాని యగు బీజింగునకు ఉత్తరమున, సుమారు 50 కిలోమీటర్ల దూరమున, కొండల నడుమ నొక లోయ గలదు. మింగువంశపు చక్రవర్తులు 13 మంది యచ్చట సమాధిచేయబడిరి. వారిలో 1572 మొదలు 1620 వఱకు రాజ్యమేలిన వాన్‌లీ సమాధికి డింగ్‌లింగు అని పేరు. ఆతడు దానిని తన జీవితకాలముననే, 1584లో నారంభించి ఆఱేండ్లలో కట్టించెను.

1956లో దీనిని త్రవ్వ నారంభించిరి. చరిత్రకారుడగు వూ హాను త్రవ్వవలయునని పట్టుపట్టెను. పురావస్తుపండితుడగు షియా నాయి, వెలికివచ్చిన వస్తువులను కాపాడు విద్య మనకింకను చాలదని వారించెను. త్రవ్వకమునకే అనుమతి లభించెను.

త్రవ్వువారికి దారి తెలియలేదు. కొంతకాలమునకు భూమిలో నొక చిన్న శిలాఫలకము దొరకెను. అచ్చటినుండి మందిరపు గోడ యెంత దూరమున, ఎంత లోతున నున్నదో దానిపై చెక్కబడియుండెను. చక్రవర్తి మరణించినపుడు ద్వారము మరల కనుగొనుటకై పనివారు ఉంచిన గుఱుతని పండితుల యూహ. రాతితలుపులకు లోపలినుండి యొక రాతిదూలము వాలి యడ్డుగా నిలిచియుండెను. 1957లో, తలుపుల సందున వంచిన యినుపకమ్మిని దూర్చి, దానిని తొలగించి లోనికి బోయిరి.

లోపల చక్రవర్తియు, ఇరువురు రాణులును పేటికలలో నుండిరి. బంగారుతీగెలతో నల్లిన కిరీటము మొదలుగా సుమారు 3,000 వస్తువులు లభించెను. కాని మూడువందల యేండ్లు చీకటిలో నిలిచిన పట్టువస్త్రములు గాలి సోకినంతనే రంగుమాసి పెళుసుబాఱెను. వారించినవారి భయమే నిజమయ్యెను.

1959లో అచ్చట ప్రదర్శనశాల వెలసెను. 1966లో, సాంస్కృతికవిప్లవమున, యువకదళములు ఆ మువ్వురి యస్థికలను బయటికీడ్చి తగులబెట్టెను. వూ హానును ఆ విప్లవమునకే బలియై 1969లో చెఱలో మరణించెను. నేడు యాత్రికులు 27 మీటర్ల లోతునకు దిగిచూచు ఎఱ్ఱని పేటికలు క్రొత్తగా చేసిన ప్రతిరూపములు మాత్రమే.

ఈ యనుభవము వ్యర్థము కాలేదు. చక్రవర్తుల సమాధులను తమంత తాముగా త్రవ్వరాదని చీనా ప్రభుత్వము నియమము చేసికొనెను. క్రీ. పూ. 210లో మరణించిన చిన్ షీ హువాంగు సమాధిదిబ్బ షియాను నగరసమీపమున నేటికిని మూయబడియే యున్నది. 1974లో బావి త్రవ్వుచున్న రైతులకు దాని చేరువనే మట్టిసైనికులు దొరకిరి. వారిని జూచుటకు లోకమంతయు పోవుచున్నను, దిబ్బను మాత్ర మెవ్వరును తాకలేదు.

భూదేవి తనకడ నుంచిన న్యాసమును చెడకుండ కాచుచున్నది. దానిని కాపాడు నేర్పు మనకు కలుగువఱకు ఆమెకడనే యుండనిచ్చుట వివేకము.