తాళం ముందు, కీలు వెనక

పెట్టె అనగానే అందరి చూపూ తాళం మీదికే పోతుంది. మన కథల్లోనూ అంతే. తాళపుచేతులు బొడ్లో దోపుకున్న అత్తగారు, అవి కోడలి చేతికొచ్చిన రోజున ఇంట్లో జరిగే రాజ్యవిప్లవం, తాళంచెవి కనిపించలేదని ఇల్లంతా తలకిందులు చెయ్యడం – ఇవన్నీ బోలెడు చదివాం, రాశాం. పెట్టె వెనకాల, గోడవేపు తిరిగి, మూతని పట్టుకుని వుండే కీలు గురించి ఎవరైనా నాలుగు మాటలు రాయగా నేను చూడలేదు.

మన భాష మాత్రం దాన్ని మరిచిపోలేదు. కీలుగుర్రం, కీలుబొమ్మ, కీలెరిగి వాత పెట్టడం. ఏ వ్యవహారంలోనైనా అసలు సంగతిని ‘కీలకం’ అంటాం. సంస్కృతంలో కీలం అంటే మేకు, చీల. మొట్టమొదటి కీళ్ళు కూడా అంతే కదా, ఒక రంధ్రం, అందులో తిరిగే ఒక చీల. ఇప్పుడు ఇనప సామాన్ల షాపుకి వెళ్ళి ‘మడతబందు’ అని అడిగితే రెండు రేకులు కలిపి ఇస్తాడు. ఆ రెండు రేకుల మధ్య వున్నది మళ్ళీ ఆ చీలే.

తాళం ఎంత గట్టిదైతేనేం, వెనకవేపు బందుల చీలలు బయటికి కనిపిస్తూంటే దొంగకి తాళంతో పనేముంది? ఉలి పెట్టి చీలని పైకి తట్టి, మూత వెనకనించి లేపి, కావలసింది తీసుకుని, చీలని మళ్ళీ దిగ్గొట్టి చక్కా పోవచ్చు. ముందువేపు తాళం చెక్కుచెదరదు. ఇంట్లోవాళ్ళు ఆర్నెల్లపాటు పనిమనిషిని అనుమానిస్తూ కూచుంటారు. అందుకని కీలుని దాచడం అనేది ఈనాటి సోకు కాదు. అది అవసరంలోంచి పుట్టింది. చూడ్డానికి అందంగా వుంటుందన్న మాట తర్వాతెప్పుడో చేరింది.

అసలు కీలే లేని రోజులనించి మొదలుపెడతాను. ఈజిప్టులో ఖా అనే ఆయన రాజుల సమాధులు కట్టే పనివాళ్ళకి పెద్ద. ఆయన భార్య మెరిత్. ఇద్దరి సమాధీ 1906లో స్కియాపరెల్లి అనే ఇటలీ పండితుడి కంటపడింది. సుమారు మూడువేల నాలుగువందల ఏళ్ళుగా ఎవరి చెయ్యీ పడకుండా వుంది. అందులో దొరికిన సామాను దాదాపు అంతా ఇప్పుడు ఇటలీలో టూరిన్ నగరపు మ్యూజియంలో వుంది. మెరిత్ సవరం పెట్టుకునే పెట్టె, కాటుక భరిణెలూ తైలాల బుడ్లూ పెట్టుకునే పెట్టె, బట్టల పెట్టెలు – ఒక ఆడమనిషి సామాను యావత్తూ మన కళ్ళముందు వుందన్నమాట. ఆ కాలపు పెట్టెలు చాలావాటికి మూత విడిగా వచ్చేస్తుంది. మూత మీద ఒక గుబ్బ, పెట్టెకి ఒక గుబ్బ. రెంటినీ కలిపి దారం చుట్టి, ముడి మీద మట్టిముద్ద పెట్టి ముద్ర వేసేవారు. దొంగని ఆ దారం ఆపలేదు. కాని ఎవరో తీశారన్న సంగతి దాచకుండా చెప్పేస్తుంది. నాకది చాలా తెలివైన ఏర్పాటు అనిపిస్తుంది.

కీలు వాళ్ళకి తెలియక కాదు సుమండీ. 1922లో హోవర్డ్ కార్టర్ తెరిచిన టుటంఖమూన్ సమాధిలో మూడు మడతలుగా ముడుచుకునే మంచం ఒకటి దొరికింది. దానికి కంచు బందులున్నాయి. మడతమంచానికి బందు కావాలి, పెట్టెకి దారం చాలు అనుకున్నారు కాబోలు.

రోమనుల కాలానికి వచ్చేసరికి కథ మారింది. క్రీ.శ. 79లో విసూవియస్ అగ్నిపర్వతం పేలి పాంపే, హెర్క్యులేనియం అనే ఊళ్ళని కప్పేసింది. హెర్క్యులేనియంలో కొయ్య సామాను బూడిదైపోకుండా బొగ్గులా మారి అలాగే నిలిచింది. రోమనుల ఊళ్ళు ఎక్కడ తవ్వినా చిన్నచిన్న ఎముక గొట్టాలు దొరుకుతూంటాయి. బోలుగా వుండి, పక్కన ఒక బెజ్జమో రెండో వుంటాయి. పండితులు చాలాకాలం వాటిని పిల్లంగ్రోవి ముక్కలనుకున్నారు. అనుకోరూ మరి? తీరా చూస్తే అవి పెట్టెలకీ బీరువాలకీ వేసే కీళ్ళు! పశువుల కాలి ఎముకని గొట్టాలుగా కోసి, వరసగా పేర్చి, మధ్యలో కొయ్య కమ్మీ దూర్చేవారు. ఒక గొట్టం పెట్టెకి, పక్కది మూతకి, ఆ పక్కది మళ్ళీ పెట్టెకి – ఇలా వెనక అంచు పొడుగునా. మూసినప్పుడు చూస్తే బందు కనపడదు, అంచుకి వేసిన గుండ్రటి నగిషీలా వుంటుంది. పండితుల చేత సంగీతం పాడించిన కీలు మరొకటి లేదనుకుంటాను.

ఆ నాజూకు తర్వాత యూరప్‌లో ఎవరికీ పట్టినట్టు లేదు. మధ్యయుగాల రకాల్లో రెండిటి మాట చెబుతాను. ఒకటి మరీ మోటు: ఇనపకమ్మీని మధ్యకి వంచి, దాని కన్నులో ఇంకో వంచిన కమ్మీ దూర్చి, ఒకదాన్ని పెట్టెలోకీ, రెండోదాన్ని మూతలోకీ దిగ్గొట్టి, అవతలికి వచ్చిన మొనల్ని వంచేసి సుత్తితో అణచడం. మూత మీద ఆ వంచిన మొనలు కనిపిస్తూనే వుంటాయి. మన చెవిపోగుకి ఇంకో పోగు తగిలించినట్టు వుంటుందా అమరిక. మూత లేపినప్పుడల్లా కిర్రుమనడమూ, కొన్నాళ్ళకి బెజ్జాలు పెద్దవైపోయి మూత ఊగడమూ మామూలే. 1199 చివర్లో పోపు మూడవ ఇన్నొసెంటు, చర్చిల్లో చందాపెట్టెలు పెట్టి మూడేసి తాళాలు వెయ్యమని ఆజ్ఞ ఇచ్చాడు. మూడు తాళంచేతులు ముగ్గురి దగ్గర. ఒకళ్ళమీద ఒకళ్ళకి నమ్మకం లేకపోవడానికి అంతకంటే గట్టి దస్తావేజు ఏం కావాలి? వెనకవేపు బందుల మాట మాత్రం ఆజ్ఞలో లేదు.

రెండో రకం నాకు ఎంతో ఇష్టమైనది. ఇందులో ఇనుము ముక్కైనా లేదు. మూత రెండు చివర్లా అడుగున ఒక్కొక్క అడ్డబద్ద వుంటుంది. మూత మూస్తే ఆ బద్దలు పెట్టెకి రెండు పక్కలా దిగి కూచుంటాయి. వెనక మూలన బద్దకి బెజ్జం వేసి, అందులోంచి ఒక కొయ్య చీలని పెట్టె మూలకంబంలోకి దిగ్గొడతారు. మూత ఆ రెండు చీలల మీద తిరుగుతుంది. మూలకంబం వెనక అంచుని కాస్త గుండ్రంగా చెక్కాలి, లేకపోతే మూత పైకి లేవదు. అంతే సంగతి. వెనక్కి వెళ్ళి చూస్తే బందు అనేదే కనపడదు. పక్కనించి చూస్తే ఒక గుండ్రటి చుక్క, అది కూడా కొయ్యలో కొయ్య. ఇంగ్లండు వడ్రంగులు ఇది చేసేవారు. 17వ శతాబ్దంలో సముద్రం దాటి అమెరికా వెళ్ళినవాళ్ళు అక్కడా చేశారు.

అలా వెళ్ళినవాళ్ళలో మసాచుసెట్స్ రాష్ట్రంలో కనెక్టికట్ నది ఒడ్డున హాడ్లీ చుట్టుపక్కల వూళ్ళవాళ్ళు, సుమారు 1680 నించి 1730 దాకా, ఓక్ చెక్కతో పెట్టెలు చేయించేవారు. ముందువేపంతా ఆకులూ పువ్వులూ చెక్కి, మధ్యలో అక్షరాలు వేసేవారు. ఆ అక్షరాలు ఎవరివనుకున్నారు? చాలా వాటిమీద పెళ్ళికెదిగిన ఆడపిల్లలవి. దుప్పట్లూ తువ్వాళ్ళూ కుట్టుకుని దాచుకునే పెట్టె. పొలం కొడుకులకి, పెట్టె కూతురికి. మనకేం కొత్త కాదు.

హన్నా బర్నార్డ్ అనే ఆవిడకైతే పెట్టె కాదు, ఏకంగా ఒక బీరువాయే వుండేది. దానిమీద పొడి అక్షరాలు కాదు, పేరు మొత్తం రంగులతో వుంది. ఆవిడ 1715లో జాన్ మార్ష్‌ని పెళ్ళాడింది. 1717లో పురుటిలో పోయింది. బిడ్డ అబిగేయిల్ బతికింది. బీరువా ఆ పిల్లకి వచ్చింది. అబిగేయిల్ పెద్దదై, పెళ్ళయి, తన కూతుళ్ళలో ఒకతెకి హన్నా బర్నార్డ్ హేస్టింగ్స్ అని పేరు పెట్టింది. అమ్మమ్మ పేరు, పుట్టింటి పేరుతో సహా! తల్లి ముఖం ఎరగని పిల్లకి ఆ పేరు రోజూ బీరువా మీద కనపడేది కదా. ఆ బీరువా ఇప్పుడు మిషిగన్‌లో హెన్రీ ఫోర్డ్ పేరుమీద వున్న మ్యూజియంలో వుంది. లారెల్ ఉల్రిచ్ అనే చరిత్రకారిణి 2001లో వేసిన తన పుస్తకంలో ఈ కథంతా విడమరిచి చెప్పింది.

ఇందులో ఒక మెలిక వుంది. అప్పటి ఇంగ్లీషు చట్టం ప్రకారం పెళ్ళయిన మరుక్షణం నించి ఆడదాని చరాస్తి మొగుడిది. పెట్టె మీద పేరు ఆమెది, తాళంచెవి ఆమె దగ్గర, లోపలి దుప్పట్లు మాత్రం చట్టప్రకారం ఆయనవి. ముందువేపు తాళం ఆవిడదే, పెట్టె వెనకనించి తెరుచుకునేదన్నమాట. మసాచుసెట్స్‌లో 1855లోనూ, ఇంగ్లండులో 1870లో కొంతా 1882లో పూర్తిగానూ ఆ చట్టం మారింది. మన శాస్త్రాలు స్త్రీధనం అని వేరే పేరు పెట్టి గౌరవించాయని చెప్పుకుంటాం, నిజమే. అయినా పుట్టింటివాళ్ళు పెట్టిన నగలు అత్తవారి పెట్టెలో వుంటే అవి అమ్మాయివేననీ, వాళ్ళ దగ్గర వున్నది నమ్మి అప్పగించిన సొమ్ము మాత్రమేననీ సుప్రీంకోర్టు ప్రతిభారాణి కేసులో స్పష్టంగా చెప్పవలసి వచ్చింది. అది 1985.

మన విశాఖపట్నం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 18వ శతాబ్దంలో అక్కడి కంసాలులు టేకు మీదా గంధపుచెక్క మీదా దంతం రేకులు తాపి, లక్కతో నల్లటి లతలు దిద్ది, దొరలకీ దొరసానులకీ పెట్టెలు చేసేవారు. లండన్ మ్యూజియాల్లో వాటిని అపురూపంగా పెట్టుకున్నారు. కొన్నిటికి వెండి బిగింపులు. ఆ పెట్టెల్లో దాపరికం లేదు, బిగింపు కూడా నగే. మా అమ్మమ్మగారింటి భోషాణం దీనికి పూర్తిగా ఎదురు. దాని బందులు ఇనపవి, చేతి మందాన వుండేవి. వాటిని చూసి అందం గురించి ఎవరూ ఆలోచించలేదు. దానిమీద పక్కేసుకుని అమ్మమ్మ పడుకునేది, అంతకంటే మంచి తాళం ఇంకోటి లేదు.

ఆ భోషాణానికి ప్రతి వానాకాలంలోనూ తాళం పడేది కాదు. తాళాన్ని తిట్టేవాళ్ళం. నిజానికి తాళం దోషమేమీ లేదు. చెమ్మకి చెక్క అడ్డంగా ఉబ్బుతుంది, పొడుగునా ఉబ్బదు. మూత వెనక అంచుని బందులు కదలనివ్వవు. అందుకని పెరిగిందంతా ముందుకే వస్తుంది. గొళ్ళెం, కొక్కెం ఒకదానికొకటి అందవు. ఎండలొస్తే మళ్ళీ సర్దుకుంటాయి.

కొలిమిలో ఒక్కొక్కటీ కొట్టి చేసే బందుల రోజులు 1775 తర్వాత మెల్లగా పోయాయి. ఆ ఏడు ఇంగ్లండులో ఇజాన్, వైట్‌హర్స్ట్ అనే ఇద్దరు పోత ఇనప మడతబందుకి పేటెంటు తీసుకున్నారు. చవగ్గా, ఒకే కొలతలో, వేలకి వేలు. రేకులు రెండూ అంచుల మధ్య ముడుచుకుంటాయి కనక బయటికి కనిపించేది మధ్యనున్న గొట్టం మాత్రమే. అదీ కనపడకూడదన్నవాడు అమెరికాలో జోసెఫ్ సాస్. 20వ శతాబ్దం మొదట్లో ఆయన తయారుచేసిన బందు మూస్తే బొత్తిగా కంటికానదు. లోపల చిన్న లోహపు పలకలు ఒకదానిలో ఒకటి అల్లుకుని, తెరిచినప్పుడు తేలు కొండిలా బయటికి వస్తాయి.

ఈమధ్య చీరలకని ఒక టేకు పెట్టె చేయిస్తూ ఇలాటివన్నీ తెప్పించి చూశాను. వడ్రంగి సూర్యనారాయణ నాకంటే పెద్దవాడు. ఆ అల్లిక బందుని అటూ ఇటూ తిప్పి, “బాగానే వుందమ్మా. దీనికి మూత అంచులోనూ పెట్టె అంచులోనూ గాడి తొలవాలి. అంచు మందం తక్కువైతే బరువుకి చెక్క చీలిపోద్ది” అన్నాడు. ఇత్తడి గొట్టంలాటి రకం ఇంకొకటి వుంది. దానికి బరమాతో గుండ్రటి బెజ్జాలు వేస్తే చాలు, కాని అది చిన్న నగల పెట్టెలకే. వంటింటి అలమార్లకి వేసే గిన్నె బందు పక్కకి తెరిచే తలుపులకి గాని, పైకి లేచే బరువు మూతకి పనికిరాదు. కొయ్య చీలల పద్ధతి బొమ్మ గీసి చూపిస్తే సూర్యనారాయణ ముఖం వికసించింది. “ఇదైతే మనం ఇంట్లోనే చేసుకోవచ్చు. విరిగితే ఇంకో చీల దిగ్గొట్టుకోవచ్చు” అన్నాడు. అదే ఖాయం చేశాం.

ఇంకొక షరతు మాత్రం పెట్టాను. మూత ఎంతవరకు లేపితే అంతవరకు నిలబడేలా లోపల ఒక ఊతకమ్మీ వుండాలని. మామూలు బందేదీ తనంతట తానుగా బరువు మూతని గాలిలో ఆపలేదు. అలా ఆపగలిగిన బిగువైన బందులు వేరే వున్నాయి, ధర కూడా బిగువే. పిల్లలున్న ఇంట్లో చేతివేళ్ళకీ, మెడలకీ అది చాలా ముఖ్యం.

1822లో వచ్చిన శామ్యూల్ రోజర్స్ కావ్యం ‘ఇటలీ’లో జినెవ్రా అనే పెళ్ళికూతురి కథ వుంది. పెళ్ళిరోజున ఆటకని ఒక పాత పెట్టెలో దాక్కుంది. మూత పడింది, గొళ్ళెం తనంతట తానే బిగిసింది. ఏళ్ళు గడిచాక గాని పెట్టె తెరవలేదు. కట్టుకథే. కాని 1996లో అమెరికాలో ఒక పెద్ద కంపెనీ తను 1912 నించి 1987 దాకా అమ్మిన దేవదారు పెట్టెలు కోటీ ఇరవై లక్షలకి తాళాలు మార్చుకోండని ప్రకటించింది. మూత పడగానే తాళం దానంతటదే పడిపోయే రకం అవి. దాక్కున్న పిల్లలు లోపల ఊపిరాడక పోయారు. కొత్త గొళ్ళేలు ఉచితంగా పంపుతామన్నారు. తర్వాత కూడా మళ్ళీ మళ్ళీ ప్రకటించారు, ఎందుకంటే ఆ పెట్టెలు అమ్మమ్మనించి అమ్మకీ, అమ్మనించి మనవరాలికీ వెళుతున్నాయి, కంపెనీ ప్రకటన మాత్రం పెట్టెతో పాటు వెళ్ళడం లేదు. కొత్త గొళ్ళెం వచ్చేదాకా పాత తాళాన్ని ఊడదీసి అవతల పెట్టమన్నారు. బందుల జోలికి ఎవరూ పోలేదు.