బండికి అప్‌డేట్ వచ్చింది, మరి బ్యాటరీ బాగుపడిందా?

రామంతాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నాలుగేళ్ల కింద ఒక్కటే ఎలక్ట్రిక్ స్కూటర్ ఉండేది. ఇప్పుడు వరసగా తొమ్మిది ఉన్నాయి. రాత్రి పది దాటితే అన్నీ ఛార్జింగ్‌లోనే. పైకి వెళ్లడానికి ఉన్న మెట్లు ఒక్కటే, అవి కూడా ఆ బండ్ల పక్కనుంచే. మొన్న పై ఫ్లోర్ తమ్ముడు ఫోన్ చూపించి, "అన్నా, బండికి అప్‌డేట్ వచ్చింది, బ్యాటరీ సేఫ్టీ అంట. ఇంక భయం లేదు కదా?" అన్నాడు. అవునని చెప్పలేకపోయాను, కాదనీ చెప్పలేకపోయాను. ఆ జవాబు కోసమే ఈ ఎపిసోడ్.

ముందు మన దగ్గర జరిగింది గుర్తు చేసుకుందాం. 2022 ఏప్రిల్. నిజామాబాద్‌లో ఒక ఇంట్లో రాత్రి స్కూటర్ బ్యాటరీ తీసి ఛార్జింగ్ పెట్టారు. తెల్లవారుజామున అది పేలింది. 80 ఏళ్ల పెద్దాయన చనిపోయారు, ఇంట్లోవాళ్లకి కాలిన గాయాలయ్యాయి. నాలుగైదు రోజులు గడవకముందే విజయవాడ సూర్యారావుపేటలో ఇంకోటి. అక్కడ బ్యాటరీ పడకగదిలో ఛార్జ్ అవుతోంది. బండి కొని ఒక్కరోజే అయింది. ఇంటి యజమాని చనిపోయారు, భార్య తీవ్రంగా గాయపడ్డారు.

నిజామాబాద్ బండి ప్యూర్ ఈవీ కంపెనీది. ఐఐటీ హైదరాబాద్‌లో పుట్టిన స్టార్టప్ అది. ఆ బండి అమ్మినట్టు గానీ, సర్వీస్ చేసినట్టు గానీ తమ రికార్డుల్లో లేదని, సెకండ్ హ్యాండ్‌లో చేతులు మారిందేమో చూస్తున్నామని కంపెనీ చెప్పింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ దీని దగ్గరికే వస్తాం. తర్వాత ఆ కంపెనీ 2,000 బండ్లు రీకాల్ చేసింది. అదే నెలలో ఒకినావా 3,215, ఓలా 1,441 వెనక్కి పిలిచాయి. మూడూ కలిపితే 6,656. రీకాల్ అంటే "లోపం ఉండొచ్చు, బండి తీసుకురండి, మా ఖర్చుతో చూస్తాం" అని కంపెనీ ఒప్పుకోవడం.

ఇప్పుడు మీకో డౌట్ రావాలి. ఫోన్‌కి అప్‌డేట్ పంపినట్టు బండికి కూడా పంపేస్తే అయిపోదా? బండి మోసుకుని సర్వీస్ సెంటర్‌కి ఎందుకు వెళ్లాలి?

దీనికి బ్యాటరీ లోపల ఏముందో కొంచెం తెలియాలి. లిథియం అయాన్ సెల్‌లో రెండు పొరలుంటాయి, ఒకటి ప్లస్, ఒకటి మైనస్. మధ్యలో సెపరేటర్ అనే పల్చటి ప్లాస్టిక్ పొర. అది చిరిగినా, మడత పడినా, దానికి సన్నని లోహపు రేణువు గుచ్చుకున్నా, రెండు పొరలు తగిలి లోపలే షార్ట్ అవుతుంది. వేడి పుడుతుంది, ఆ వేడికి లోపలి రసాయనాలు విరిగి ఇంకా వేడి పుడుతుంది. దీన్నే థర్మల్ రన్‌అవే అంటారు. ఒక సెల్ అంటుకుంటే పక్క సెల్‌కి పాకుతుంది. కొన్ని రకాల సెల్స్ కాలేటప్పుడు లోపలి నుంచే ఆక్సిజన్ వదులుతాయి. అందుకే దుప్పటి కప్పినంత మాత్రాన ఆ మంట ఆరదు.

ఈ గొడవ కొత్తది కాదు. 1980ల చివర్లో కెనడాకి చెందిన మోలీ ఎనర్జీ అనే కంపెనీ లిథియం లోహంతో రీఛార్జబుల్ బ్యాటరీలు చేసింది. జపాన్‌లో అప్పటి మొబైల్ ఫోన్లలో వాటిని వాడారు. 1989లో అవి అంటుకున్నాయి. అన్నీ వెనక్కి తీసుకున్నారు, కంపెనీ దివాలా తీసింది. ఆ తర్వాత రెండేళ్లకి, 1991లో, లోహపు లిథియం లేని లిథియం అయాన్ బ్యాటరీని సోనీ మార్కెట్‌కి తెచ్చింది. ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఫోన్‌లో ఉన్నది దాని వారసురాలే. అదీ పూర్తిగా సేఫ్ కాలేదు. 2006లో సోనీ సెల్స్ ఉన్న 41 లక్షల ల్యాప్‌టాప్ బ్యాటరీలని డెల్ వెనక్కి పిలిచింది. సెల్స్ లోపల లోహపు రేణువులు దొరికాయి. అప్పట్లో దారి ఒక్కటే, పాతది ఇచ్చి కొత్తది తీసుకోవడం.

పదేళ్ల తర్వాత, 2016లో, శాంసంగ్ గెలాక్సీ నోట్ 7 వచ్చింది. సెప్టెంబర్‌లో దాదాపు 25 లక్షల ఫోన్లు రీకాల్. మార్చి ఇచ్చిన ఫోన్లు కూడా కాలాయి. రెండో బ్యాచ్ బ్యాటరీలు వేరే కంపెనీవి, వాటిలో లోపం కూడా వేరే. ఫోన్ ఇష్టమై తిరిగి ఇవ్వని వాళ్లూ ఉన్నారు. అప్పుడు కంపెనీ గాల్లోంచే అప్‌డేట్ పంపింది. ముందు కొన్ని దేశాల్లో ఛార్జింగ్ 60 శాతం దగ్గర ఆగేలా చేసింది. డిసెంబర్‌లో అమెరికాలో అసలు ఛార్జే ఎక్కకుండా చేసే అప్‌డేట్ ప్రకటించింది. ఇక్కడ ఒకటి గమనించండి. ఆ అప్‌డేట్ బ్యాటరీని బాగుచేయలేదు. ఫోన్‌ని పనికి రాకుండా చేసి, జనం తిరిగి ఇచ్చేలా చేసింది. ఆ పని మాత్రం బాగానే చేసింది.

కార్ల దగ్గరికి వద్దాం. షెవ్రోలే బోల్ట్ కార్లు కొన్ని పార్కింగ్‌లో ఉండగా అంటుకున్నాయి. 2020 నవంబర్‌లో జనరల్ మోటార్స్ దాదాపు 68 వేల కార్లని రీకాల్ చేసి, ఛార్జింగ్ 90 శాతం దాటకుండా సాఫ్ట్‌వేర్ పెట్టింది. మరుసటి ఏడాది ఇంకో సాఫ్ట్‌వేర్ ఇచ్చి, చెడ్డ సెల్ ఉంటే ఇది ముందే పట్టేస్తుంది అంది. 2021 జులై నాటికి ఆ రిపేర్ చేయించుకున్న కార్లే రెండు కాలిపోయాయి. అప్పుడు లోపల చూస్తే ఏముంది? చిరిగిన ట్యాబ్, మడత పడిన సెపరేటర్. చివరికి అప్పటిదాకా చేసిన బోల్ట్ కార్లన్నీ, దాదాపు 1 లక్షా 42 వేలు, రీకాల్‌లోకి వచ్చాయి. ఖర్చు దాదాపు 200 కోట్ల డాలర్లు. హ్యుండాయ్ కోనాది కూడా ఇదే కథ. 2020లో సాఫ్ట్‌వేర్ రీకాల్, 2021 జనవరిలో అప్‌డేట్ అయిన కారే కొరియాలో కాలడం, తర్వాతి నెలలో దాదాపు 82 వేల వాహనాలకి బ్యాటరీలు మార్చాలన్న నిర్ణయం.

కుక్కర్ గాస్కెట్ పాడైందనుకోండి. స్టవ్ సిమ్‌లో పెడితే ఆ పూటకి గండం గడవొచ్చు. గాస్కెట్ మాత్రం మారదు కదా. అప్‌డేట్ చేసేది సిమ్‌లో పెట్టడం. ఛార్జింగ్ తగ్గిస్తుంది, వేగం తగ్గిస్తుంది, వేడి పెరిగితే కట్ చేస్తుంది, తేడా కనిపిస్తే ముందే చెప్తుంది. తప్పు సాఫ్ట్‌వేర్‌లోనే ఉంటే అప్‌డేటే అసలు రిపేర్. సెల్ లోపల తప్పుంటే మాత్రం అది టైమ్ ఇస్తుంది, అంతే.

ఇంకో కోణం కూడా ఉంది. 2019లో కొన్ని కార్లు కాలాక టెస్లా పాత మోడల్ ఎస్ కార్లకి ఒక అప్‌డేట్ పంపింది. కొందరికి తెల్లారేసరికి రేంజ్ తగ్గిపోయింది. వాళ్లు కోర్టుకెళ్లారు. 2021లో 1,743 కార్ల యజమానులకి తలా 625 డాలర్లు ఇవ్వడానికి కంపెనీ ఒప్పుకుంది. మీ బండిలోంచి మీకు చెప్పకుండా కిలోమీటర్లు తీసేయొచ్చా అన్నదే అక్కడ గొడవ.

మళ్లీ మన దగ్గరికి. మన మోటార్ వాహనాల చట్టాన్ని 2019లో సవరించినప్పుడు రీకాల్ చేయమని ఆదేశించే అధికారం కేంద్రానికి వచ్చింది. 2022 ప్రమాదాల తర్వాత బ్యాటరీ పరీక్షల రూల్స్ మార్చడానికి కేంద్రం వేసిన నిపుణుల కమిటీకి అధ్యక్షుడు మన హైదరాబాద్ ఏఆర్‌సీఐ అప్పటి డైరెక్టర్ టాటా నరసింగరావు. అలా ఏఐఎస్ 156 రూల్స్ గట్టిపడ్డాయి. సెల్స్ మధ్య ఖాళీ ఉండాలి, ప్రమాదం మొదలైతే ముందే అలారం మోగాలి, ఒక సెల్ అంటుకుంటే ఏమవుతుందో పరీక్షించాలి. ఇవి 2022 డిసెంబర్ 1న ఒక విడత, 2023 మార్చి 31న ఇంకో విడత అమల్లోకి వచ్చాయి.

ఆ రూల్స్ అమల్లోకి రాకముందే, 2022 సెప్టెంబర్ 12 రాత్రి, సికింద్రాబాద్‌లో ఒక హోటల్ కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మంటలు లేచాయి. పొగ మెట్ల మీదుగా పైకి ఎక్కింది. 8 మంది చనిపోయారు. మా సెల్లార్ చూసినప్పుడల్లా నాకు ఆ మెట్లే గుర్తొస్తాయి.

ఇప్పుడు తమ్ముడికి జవాబు. అప్‌డేట్ వస్తే వెంటనే వేసుకో. కానీ కంపెనీని ఒక ప్రశ్న అడుగు: "ఇది రిపేరా, లేక రిపేర్ అయ్యేదాకా ఆపడమా?" రేంజ్ తగ్గితే ఎందుకు తగ్గిందో రాతపూర్వకంగా అడుగు. బండి ఎప్పుడు తయారైందో చూడు, 2023 మార్చికి ముందుదైతే కొత్త రూల్స్ అన్నీ దానికి వర్తించి ఉండకపోవచ్చు. నిజామాబాద్ మాట గుర్తుంది కదా? సెకండ్ హ్యాండ్ బండి కొంటే ఆర్సీ ఒక్కటే కాదు, కంపెనీ దగ్గర కూడా నీ పేరు, నంబర్ మార్పించుకో. నువ్వెవరో తెలియని కంపెనీ నిన్ను రీకాల్‌కి పిలవలేదు. నెట్ లేని బండికి, లోకల్‌గా బ్యాటరీ మార్పించిన బండికి ఏ అప్‌డేటూ రాదు.

చివరి మాట. బ్యాటరీ పడకగదిలో వద్దు, మెట్ల పక్కన వద్దు, అందరూ పడుకున్నాక వద్దు. మా అపార్ట్‌మెంట్‌లో వచ్చే ఆదివారం మీటింగ్ పెట్టుకున్నాం, ఛార్జింగ్ పాయింట్లు మెట్లకి దూరంగా కాంపౌండ్ గోడ దగ్గరికి మార్చడానికి. ఖర్చు తలా కొంత పడుతుంది. మీ బిల్డింగ్‌లో కూడా ఈ మాట ఎవరో ఒకరు ఎత్తాలి, అది మీరే ఎత్తండి. ఉంటాను.